వక్త మారిన పాట: ‘హర్ట్’ పునర్గానంలో ఆర్థీవ్యంజన

కీలకపదాలు: పునర్గానం, సంగీతశైలి, కాకువు, వక్తృవైశిష్ట్యం, అన్యసన్నిధి, పాఠాంతరం

ఉపోద్ఘాతం

తెలుగులో పాటపై వెలువడుతున్న సిద్ధాంతగ్రంథాల్లో అధికభాగం పాటను ముద్రిత పాఠ్యంగానే స్వీకరిస్తున్నాయి. పల్లవి, చరణాలను ఉదాహరించి, అలంకారాలు, జాతీయాలు, సామాజికస్పృహ అనే శీర్షికల కింద వర్గీకరించడంతో పరిశీలన ముగుస్తోంది. గొంతు, వాద్యం, లయ మొదలైనవి సంగీతశాఖ వారి పని అని పక్కన పెట్టడం మనకు అలవాటైపోయింది. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవడానికి కవర్ పాట మంచి పరీక్ష. ఒకరు పాడి ప్రసిద్ధం చేసిన పాటను మరొకరు తమ పద్ధతిలో తిరిగి పాడడాన్ని ఈ వ్యాసంలో ‘పునర్గానం’ అని వ్యవహరిస్తున్నాను. పునర్గానంలో పాఠ్యం దాదాపు యథాతథంగా ఉంటుంది. అయినా శ్రోత పొందే అనుభూతి పూర్తిగా మారిపోతే, అందుకు కారణాన్ని పాఠ్యంలో మాత్రమే వెతికి ప్రయోజనం లేదు.

పునర్గానం ఒక సంగీతశైలి నుంచి మరొక శైలికి దాటినప్పుడు ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఒక ఉదాహరణను తీసుకుని, దాన్ని మన ఆలంకారికుల పరికరాలతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఒక పాట – రెండు గొంతులు

‘హర్ట్’ పాటను రచించి స్వరపరచినవాడు ట్రెంట్ రెజ్నర్. ‘నైన్ ఇంచ్ నెయిల్స్’ పేరుతో 1994లో అతను వెలువరించిన ‘ది డౌన్‌వర్డ్ స్పైరల్’ ఆల్బమ్‌లో ఇది చివరి పాట. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు నిండలేదు. అతని సంగీతం ఇండస్ట్రియల్ రాక్. యంత్రాల రొద, వికృతీకరించిన గిటారు నాదం, సింథసైజర్ల హోరు ఈ శైలి లక్షణాలు. తనను తాను గాయపరచుకొనే మనిషి, మత్తుకు లోబడిన మనిషి చెప్పుకొన్న మాటలే ఈ పాట వస్తువు.

2002లో ఇదే పాటను జానీ క్యాష్ తన ‘అమెరికన్ ఫోర్: ది మ్యాన్ కమ్స్ అరౌండ్’ ఆల్బమ్‌లో పాడాడు. నిర్మాత రిక్ రూబిన్. 1932లో ఆర్కన్సా రాష్ట్రంలో పేద రైతుకుటుంబంలో పుట్టిన క్యాష్, 1950ల నుంచి కంట్రీ సంగీతంలో పేరెన్నికగన్నవాడు. జైళ్లలో ఖైదీల ముందు పాడినవాడు, మత్తుమాత్రలకు బానిసై బయటపడి మళ్లీ జారినవాడు, భక్తిగీతాలు పాడిన క్రైస్తవ విశ్వాసి. ఈ పాట పాడేనాటికి అతనికి డెబ్బై ఏళ్లు, ఆరోగ్యం క్షీణించింది.

పాఠ్యంలో గుర్తించదగిన మార్పు ఒకే ఒక పదం. రెజ్నర్ కిరీటానికి విశేషణంగా వాడిన అసభ్యపదం స్థానంలో క్యాష్ ముళ్లను చేర్చాడు. మన పరిభాషలో చెప్పాలంటే అశ్లీలదోషం తొలగి, క్రీస్తు శిరస్సుపై ఉంచిన కిరీటం స్ఫురించింది. ఈ పదం వల్లే పాటకు పవిత్రత వచ్చిందనే వాదంతో నేను ఏకీభవించలేను. నిజానికి ఈ మార్పులో ఒక ప్రమాదం ఉంది. తన బాధను క్రీస్తు బాధతో పోల్చుకొనేవాడు తనపై తానే జాలిపడుతున్నట్లు వినిపించవచ్చు. అదే వాక్యంలో గాయకుడు తనను అబద్ధీకుడిగా ఒప్పుకోవడం వల్ల ఆ ప్రమాదం తప్పింది. పదం మారకపోయినా ఈ గానం శ్రోతను ఇంతగానూ కదిలించేదే.

కాకువు, వక్త, శైలి

మమ్మటుడు ‘కావ్యప్రకాశం’ తృతీయోల్లాసంలో అర్థం మరొక అర్థాన్ని వ్యంజింపజేయడానికి దోహదం చేసే అంశాలను పేర్కొన్నాడు. వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం అందులో ముఖ్యమైనవి. వీటిలో వాక్యం, వాచ్యం తప్ప మిగిలినవన్నీ పాఠ్యానికి వెలుపలివే కావడం గమనార్హం. అచ్చుపుస్తకం చూసి పాటను విశ్లేషించే పరిశోధకుడికి ఇవి దొరకవు.

కాకువు కంఠధ్వనిలోని వికారం. రెజ్నర్ గొంతు గుసగుసకు దగ్గరగా ఉంటుంది. గిటారు పలికే స్వరాల్లో ఒకటి చెవికి అపస్వరంలా గుచ్చుకుంటుంది. కర్ణాటక సంగీతజ్ఞులకు వివాదిస్వరం గుర్తుకు రావచ్చు. వెనుక సన్నని రొద ఆగకుండా సాగి, చివరికి ఒక్కసారిగా విరుచుకుపడే గిటారు నాదంలో మాట మునిగిపోతుంది. క్యాష్ గానంలో ఆ గుచ్చుకొనే స్వరం లేదు. సాదా గిటార్లు, వాటి మీద క్రమంగా బరువెక్కే పియానో. ఒకే స్వరాన్ని పియానో మళ్లీ మళ్లీ మోగించడం గుండెచప్పుడులాగానూ, తలుపు తట్టినట్లూ ఉంటుంది. ఊపిరి చాలక పాదాంతాల్లో గొంతు వణుకుతుంది. నైపుణ్యం కొలతతో చూస్తే ఇది లోపమే. ఆ లోపమే ఇక్కడ వ్యంజకం.

వక్త మారడంతో కాలవాచకాల స్వభావం కూడా మారింది. ఆత్మీయులు దూరమవుతారనే భావం యువకుడి నోట భయంగా, కొంత అహంకారంతో కూడిన జోస్యంగా వినిపిస్తుంది. డెబ్బై ఏళ్లవాడి నోట అది జరిగిపోయినదాని నివేదన. క్రియారూపాలు అవే, ఒకటి ఊహ, మరొకటి లెక్కచూపడం. స్థాయీభావం కూడా మారిందని నా అభిప్రాయం. మూలంలో ప్రధానంగా ఉన్న ఆత్మజుగుప్స పునర్గానంలో శోకానికి చోటిచ్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. ఇదంతా క్యాష్ జీవితచరిత్ర తెలిసినవారికే కదా, తెలియనివారి మాటేమిటి? జీవితచరిత్ర తెలియకున్నా వయస్సు వినిపిస్తుంది. ఎవరో ముసలివాడు, ఎంతో పోగొట్టుకొన్నవాడు పాడుతున్నాడని గొంతే చెబుతుంది. కాకువు ద్వారా వక్త అనుమేయమవుతున్నాడు. జీవితచరిత్ర ఆ అనుమానాన్ని బలపరుస్తుంది, అంతే.

మరి వయస్సు మారితే చాలదా, శైలి మారడం ఎందుకు? శైలిని మమ్మటుడు చెప్పిన ‘ప్రస్తావం’గా పరిగణించవచ్చని నా ప్రతిపాదన. ప్రతి సంగీతశైలీ శ్రోతతో ఒక ఒడంబడిక కుదుర్చుకొంటుంది. ఇండస్ట్రియల్ రాక్‌లో యంత్రధ్వని మనిషిని కమ్మివేస్తుంది. గొంతు ఆ హోరులో చిక్కుకొన్న పాత్ర గొంతు. కంట్రీ సంగీతం కథ చెప్పే సంప్రదాయం. గాయకుడు తన మాటకు తానే పూచీ పడతాడనే నమ్మకంతో శ్రోత వింటాడు. అదే వాక్యం మొదటి ప్రస్తావంలో పాత్రోక్తి, రెండవదానిలో వాంగ్మూలం.

అన్యసన్నిధి

ఈ పాటకు మార్క్ రోమనెక్ రూపొందించిన వీడియోలో కొంతభాగాన్ని క్యాష్ ఇంట్లోను, అప్పటికే మూతపడి శిథిలమైన అతని మ్యూజియంలోను చిత్రీకరించారు. దేశవైశిష్ట్యానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మెట్లపై నిలబడి భర్తను చూస్తున్న జూన్ కార్టర్ క్యాష్ రూపం. పాటలోని సంబోధన ఒక ‘నువ్వు’ను ఉద్దేశించింది. మూలంలో ఆ ‘నువ్వు’ ఎవరో తెలియదు. మత్తు కావచ్చు, మిత్రుడు కావచ్చు. వీడియోలో జూన్ కనబడగానే ఆ మాటలు ఆమెకు చేరుతున్నట్లు తోస్తుంది. సమీపంలోని మూడో మనిషి వల్ల మాటకు కొత్త అర్థం పుట్టడమే అన్యసన్నిధి. సంస్కృత లక్షణకారులు దీనికి శృంగారసందర్భాల నుంచి ఉదాహరణలిచ్చారు. ఇక్కడ ఆ సన్నిధి కరుణను పోషించింది. 2003 మే నెలలో జూన్, అదే ఏడాది సెప్టెంబరు 12న క్యాష్ మరణించారు. కాలవైశిష్ట్యం రికార్డింగు తర్వాత కూడా అర్థాన్ని పెంచుతూ పోగలదని ఇది చూపుతోంది. తన పాటను ఇంకొకరు పాడడం పట్ల మొదట ఇబ్బందిపడిన రెజ్నర్, వీడియో చూశాక ఇది ఇక తన పాట కాదన్న భావాన్ని వెల్లడించాడు.

తెలుగు సందర్భం

తెలుగు సినిమాలో పునర్గానం ఎక్కువగా ‘రీమిక్స్’ రూపంలో కనిపిస్తుంది. ‘గ్యాంగ్ లీడర్’ (1991) వానపాటను ‘రచ్చ’ (2012)లోను, ‘కొండవీటి దొంగ’ (1990) యుగళగీతాన్ని ‘నాయక్’ (2013)లోను తిరిగి వాడుకొన్నారు. తండ్రి పాటకు కొడుకు నర్తించడం వీటిలోని ఆకర్షణ. వక్త మారినా, పాత వక్తను గుర్తుచేయడమే కొత్త వక్త పని. శ్రోతకు దక్కేది స్మృతి. కొత్త వ్యంగ్యార్థం పుట్టదు. వాద్యఘోష పెంచడాన్ని శైలి మార్పుగా లెక్కించలేం.

క్యాష్ ఉదాహరణకు సాటిరాగల తెలుగు సందర్భం ‘మాభూమి’ (1980)లో ఉంది. తెలంగాణ సాయుధపోరాట కాలంలో యాదగిరి కట్టిన ‘బండెనక బండి’ పాటను ఆ చిత్రంలో గద్దర్ తెరపై కనిపించి పాడాడు. ఉద్యమక్షేత్రపు పాట సినిమా ప్రస్తావంలోకి వచ్చింది. ముప్పై ఏళ్ల నాటి పోరాటాన్ని పాడుతున్న వక్త వర్తమాన ఉద్యమంలో ఉన్నవాడని ప్రేక్షకుడికి తెలుసు. నిజాం పాలనపై ఎక్కుపెట్టిన మాటలు 1980 నాటి ప్రేక్షకుడికి గతకథగా మాత్రమే వినిపించి ఉండవు. మలిదశ తెలంగాణ ఉద్యమసభల్లో గద్దర్ గొంతుకు మరొక కాలవైశిష్ట్యం తోడైంది. ఈ పాటపై వచ్చే వ్యాసాలు నిరంకుశత్వ చిత్రణను, మాండలికాన్ని వివరించి ఊరుకోవడం నాకు అసంతృప్తి కలిగించే విషయం.

ప్రబంధ పరిష్కరణలో తాళపత్రప్రతుల మధ్య ఒక్క అక్షరం తేడా వచ్చినా అధోజ్ఞాపికలో పాఠాంతరం చూపే సంప్రదాయం మనది. పాట విషయంలో ఆ శ్రద్ధను గొంతుకు కూడా వర్తింపజేయవలసి ఉంది. ఏ గాయకుడి గానం, ఏ సంవత్సరపు రికార్డింగు, ఏ వాద్యసహకారం, ఎవరి ఎదుట పాడినది అన్న వివరాలు లేకుండా పాటను ఉదాహరించడం, ప్రతి పేరు చెప్పకుండా పద్యాన్ని ఉదాహరించడం వంటిది. యాదగిరి పాట గురించి రాస్తున్నప్పుడు సైతం మనలో చాలామంది చెవుల్లో మోగుతున్నది 1980 నాటి గద్దర్ గొంతే. వ్యాసంలో మాత్రం 1940ల నాటి పాఠ్యం అని రాస్తున్నాం.