రాసే ముందు చదవాలి

బయాస్ అప్‌డేట్ సగంలో ఆగిపోయిన డెస్క్‌టాప్ ముందు కూర్చున్న మనిషికి మొదట పుట్టేది కంగారు. మీట నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’. ఆపుతారు, మళ్లీ వేస్తారు. ర్యామ్ పీకి పెడతారు. చివరికి ఏదో ఒక దుకాణంలో "బోర్డు డెడ్ అయింది, కొత్తది వేయించుకోండి" అన్న మాట వింటారు. కంప్యూటర్లు బాగుచేయడం అలవాటైన ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఇలా డెడ్ అని తేల్చేసిన బోర్డుల్లో చాలావాటికి ప్రాణం ఉంటుంది. వాటిని లేపడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తెలిస్తే చాలు.

మీట నొక్కగానే ప్రాసెసర్ మొట్టమొదట చదివేది విండోస్‌ని కాదు. మదర్‌బోర్డు మీద ఒక మూల ఎనిమిది కాళ్లతో కూర్చున్న చిన్న చిప్‌ని. గోరంత కూడా ఉండదది. ఈ కాలపు బోర్డుల్లో ఎక్కువగా 16 లేదా 32 మెగాబైట్లు. ర్యామ్‌ని సిద్ధం చేయడం, డిస్క్ ఎక్కడుందో వెతకడం, విండోస్‌ని పిలవడం అన్నీ దానిలో రాసున్న బయాస్ అనే ప్రోగ్రామ్ పనే. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు ఆ ప్రోగ్రామ్ మార్చడానికి వీల్లేని చిప్‌లో ఉండేది. మార్చాలంటే చిప్పే మార్చాలి. తొంభైలలో బోర్డుల్లోకి ఫ్లాష్ చిప్పులు వచ్చాక కంప్యూటర్ తన బయాస్‌ని తానే తిరగరాసుకోవడం మొదలైంది. మార్చుకునే వీలుతోపాటే పాడయ్యే వీలూ వచ్చింది. తైవాన్ విద్యార్థి ఒకరు రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న నిద్రలేచి, హార్డ్ డిస్కుల్ని తుడిచేయడమే కాక కొన్ని రకాల బోర్డుల్లో బయాస్‌నీ చెరిపేసింది. ఆ చిన్న చిప్ చెడితే పెట్టె మొత్తం మూగబోతుందని ఎంతోమందికి ఆ రోజే తెలిసింది.

"నడుస్తున్నదాన్ని ముట్టుకోకు, బయాస్ జోలికి పోకు" అని పాత మెకానిక్కులు చెప్పేవారు. ఆ రోజుల్లో అది సరైన మాటే. ఇప్పుడు కుదరదు. 2017లో వచ్చిన ఏఎండీ ఏఎం4 బోర్డు కొన్నవాళ్లు, ఏళ్ల తర్వాత అదే సాకెట్‌లో రైజెన్ 5000 ప్రాసెసర్ పెట్టుకోవాలంటే బయాస్ మార్చాల్సిందే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని దెబ్బతింటున్నాయని తేలినప్పుడు, 2024లో కంపెనీ ఇచ్చిన దిద్దుబాటు జనానికి చేరింది బయాస్ అప్‌డేట్ రూపంలోనే. కాబట్టి అప్‌డేట్ తప్పదు. పొరపాటు జరిగితే ఏం చేయాలో తెలిసి ఉండటమూ తప్పదు.

పలక మీద పాత అక్షరాలు తుడిచేసి కొత్తవి రాసినట్టు, ఫ్లాష్ చిప్‌లో ముందు చెరపాలి, తర్వాతే రాయాలి. ఆ రెండిటి నడుమ కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఎండాకాలం సాయంత్రాలు మన ఊళ్లలో కరెంటు ఎలా వచ్చిపోతుందో అందరికీ తెలిసిందే. యూపీఎస్ లేకుండా బయాస్ ముట్టుకోకూడదనేది అందుకే. అప్‌డేట్ చెడటానికి ఇంకో కారణం తప్పు ఫైలు. పేరు ఒకటే ఉన్నా రివిజన్ నంబరు వేరైతే, కొన్ని బోర్డులకు ఫైలు కూడా వేరవుతుంది. ఆ నంబరు బోర్డు మీదే ఒక అంచున అచ్చువేసి ఉంటుంది. దాన్ని కళ్లారా చూసుకున్నాకే ఫైలు దించుకోవాలి.

ఇక వరస. అన్నిటికన్నా ముందు చేయి తీసి పక్కన పెట్టుకోవాలి. ఫెయిలైందనుకున్న అప్‌డేట్ చాలాసార్లు ఫెయిల్ కాదు. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డు అప్‌డేట్ తర్వాత మొదటిసారి లేచేటప్పుడు మెమరీని కొత్తగా సరిచూసుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, ఒకటి రెండుసార్లు తనంతట తానే ఆగి మళ్లీ లేస్తుంది కూడా. ఓపిక పట్టలేక పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే చక్కగా సాగే పనిని మనమే చెడగొట్టినవాళ్లమవుతాం. పావుగంట ఆగడం వల్ల పోయేదేమీ లేదు.

ఆగాక కూడా తెర రాకపోతే చాలా బోర్డుల అంచున ఉండే చిన్న దీపాల వరస చూడాలి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని వాటి పక్కనే రాసుంటుంది. బూట్ దీపం దగ్గర ఆగిందంటే బయాస్ బతికే ఉంది, డిస్క్ సంగతి చూసుకోవాలి. అప్‌డేట్‌తో సెట్టింగులు చాలాసార్లు మొదటికి వస్తాయి కాబట్టి డిస్క్ మోడ్ మారిపోయి విండోస్ దొరకకపోవచ్చు. డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ తాళంచెవి అడగనూ వచ్చు. వీటిని చూసి బోర్డు పోయిందనుకునేవాళ్లను చాలామందిని చూశాను. దీపాలు ఏ దారీ చూపకపోతే కరెంటు వైరు పీకి, నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ తీసి, బయాస్ సెట్టింగులు చెరిపే క్లియర్ సీమాస్ పిన్నులు రెండూ కాసేపు కలిపి, అప్పుడు మళ్లీ వేసి చూడాలి.

అదీ ఫలించకపోతే బోర్డు వెనక పోర్టుల పక్కన బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో వెతకాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది కానీ పని ఒకటే. పెన్ డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, బయాస్ ఫైలుకి కంపెనీ చెప్పిన పేరే పెట్టి (గిగాబైట్ బోర్డుకైతే ‘గిగాబైట్ డాట్ బిన్’), గుర్తు వేసున్న యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చి బటన్ నొక్కాలి. దీపం మిణుకుమిణుకుమంటూ కొన్ని నిమిషాలు నడిచి ఆగుతుంది. దీనికి ప్రాసెసర్, ర్యామ్ కూడా అక్కర్లేదు, పవర్ సప్లై తగిలించి ఉంటే చాలు. బోర్డులోని వేరే చిన్న కంట్రోలర్ ఆ పని చేసుకుపోతుంది.

ఆ బటన్ లేని బోర్డుల దగ్గరే అసలు పనితనం బయటపడుతుంది. ఆ పని నేను మొదట చూసింది సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని ఒక ఇరుకు రిపేరు కౌంటర్ దగ్గర. మెకానిక్ బోర్డు బ్యాటరీ తీశాడు. ఆ ఎనిమిది కాళ్ల చిప్‌ని స్పిరిట్‌తో తుడిచాడు. మూలనున్న చిన్న చుక్క ఎటుందో టార్చి వేసి చూసుకుని, చిప్‌ని చదివి రాసే ప్రోగ్రామర్ అనే చిన్న పరికరం క్లిప్పుని, దాని ఎర్ర తీగ అటే వచ్చేలా పట్టించాడు. అంతకుముందే చిప్ మీద నంబరు చదివి, అది 3.3 వోల్టులదా 1.8దా తేల్చుకున్నాడు. 1.8 చిప్‌కి అడాప్టర్ లేకుండా 3.3 ఇస్తే కాలిపోవచ్చు. ఆ తర్వాత చిప్‌లో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి చదివాడు. మళ్లీ చదివాడు. రెండు ఫైళ్లూ పోల్చాడు. తేడా వచ్చింది. క్లిప్ తీసి, మళ్లీ తుడిచి, మళ్లీ పట్టించాడు. రెండు చదువులూ అచ్చంగా ఒకటయ్యేదాకా రాయడం మొదలుపెట్టలేదు.

"ఎట్లాగూ పాడైంది కదన్నా, పాతది దాచిపెట్టడం ఎందుకు?" అని అడిగాను.

"పాడైంది బయాసొక్కటే తమ్మీ. బోర్డు సీరియల్ నంబర్, లాన్ నంబర్ గూడ ఇందులనే ఉంటయ్. బ్రాండెడ్ పెట్టెలైతే విండోస్ కీ గూడ ఉంటది. అవి కంపెనీ ఫైల్ల దొరుకుతయా? ముందుగాల చదవాలె, ఆ తర్వాతనే రాయాలె."

కంపెనీ సైట్ నుంచి దించుకున్న ఫైలు చిప్ సైజు కంటే కాస్త పెద్దదిగా ఉంది. ముందున్న అదనపు తలభాగాన్ని కత్తిరించాడు. పాత కాపీలోంచి బోర్డు సొంత నంబర్లు తీసి కొత్త ఫైల్లో వాటి చోట వాటిని పెట్టాడు. అప్పుడు రాశాడు. రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూశాడు. బ్యాటరీ వేసి మీట నొక్కితే కంపెనీ బొమ్మ తెర మీదికి వచ్చింది.

అతని చేతిలో ఉన్నది కొన్ని వందల రూపాయల ప్రోగ్రామర్, ఒక క్లిప్. అదే ప్రోగ్రామర్ హడావుడి మనిషి చేతిలో పడితే బతికించగల బోర్డుని శాశ్వతంగా చంపుతుంది. "అయిదు నిమిషాల పనికి అంత తీసుకుంటారా" అని కౌంటర్ దగ్గర గొణిగే కస్టమర్లను చూస్తే బాధేస్తుంది. మనం డబ్బిచ్చేది రాయడానికి పట్టిన అయిదు నిమిషాలకు కాదు, రాయకుండా ఆగగలిగిన ఆ నిదానానికి.

బోర్డు తయారుచేసే కంపెనీలనూ ఒకటి అడగాలి. ఫ్లాష్‌బ్యాక్ బటన్, రెండో బయాస్ చిప్ లాంటి రక్షణలు ఎప్పటినుంచో ఉన్నాయి. అయినా చవక బోర్డుల్లో ఎన్నో వాటికి నోచుకోవు. అప్పోసప్పో చేసి మొదటి కంప్యూటర్ అమర్చుకునే విద్యార్థి కొనేది ఆ చవక బోర్డే. యూపీఎస్ లేని గది అతనిదే, మరో బోర్డు కొనలేనివాడూ అతనే. పడితే లేచే వీలు అందరికంటే ఎక్కువ అవసరమైనవాడికే అది లేకుండా చేయడం న్యాయం కాదు. ప్రతి బోర్డు మీదా ఆ బటన్ ఉండి తీరాలి.

అంతవరకూ మన జాగ్రత్త మనది. కొనేటప్పుడు బటన్ ఉందా అని అడగండి. అప్‌డేట్‌కి ముందు బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. అయినా పొరపాటు జరిగి దుకాణానికి వెళ్తే, మెకానిక్ మొదటి మాట వినండి. "ఏ దీపం వెలుగుతోంది, ఏ ఫైలు వేశారు, ఎంతసేపు ఆగారు?" అని అడిగితే బోర్డు నిశ్చింతగా అప్పగించండి. మూత తీయకుండానే కొత్తది కొనమంటే, నమస్కారం పెట్టి పక్క కౌంటర్‌కి వెళ్లండి.