ప్లాటును పటమెక్కించే పనితనం

2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. అప్పట్లో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు అద్దె ఇల్లు కావాలంటే క్రెయిగ్స్‌లిస్ట్ సైటులో ప్రకటనలు వరసగా చదువుకోవడమే. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో విడిగా వెతుక్కోవాలి. పాల్ రాడెమాకర్ అనే ప్రోగ్రామర్ ఆ ప్రకటనలన్నిటినీ మ్యాప్ మీద గుచ్చాడు. హౌసింగ్‌మ్యాప్స్ అలా పుట్టింది. బయటివాళ్లకు గూగుల్ అప్పటికింకా తలుపు తీయలేదు. కోడు విప్పి చూసి ఆయనే దారి చేసుకున్నాడు. ఆ జూన్‌లో గూగుల్ అధికారికంగా ఏపీఐ, అంటే బయటి సైట్లు మ్యాప్‌ను వాడుకునే దారి, ఇచ్చింది.

చూసేవాళ్లకు మ్యాప్ ఒకే బొమ్మ. లోపల మాత్రం సాధారణంగా 256 పిక్సెళ్ల చదరపు పలకల పేర్పు. అన్నిటికన్నా దూరపు చూపులో ప్రపంచమంతా ఒక్క పలకలో ఇమిడిపోతుంది. మెట్టు దిగిన ప్రతిసారీ ఒక్కో పలక నాలుగవుతుంది.

అసలు పనితనం గుర్తులు పెట్టడంలో ఉంది. వందల ఇళ్లు ఒకచోట కుప్పపడితే ఏదీ కనబడదు. అందుకే దూరం నుంచి వాటిని ఒక వృత్తంలో చేర్చి పైన అంకె వేస్తారు, దగ్గరికెళ్తే విడిపోతాయి. అక్షాంశ రేఖాంశాల వరసా చూసుకోవాలి. వెబ్ పేజీలో మ్యాప్ చూపే లీఫ్‌లెట్ అనే కోడు లైబ్రరీకి అక్షాంశం ముందు చెప్పాలి, స్థలాల సమాచారం రాసే జియోజేసన్ ఫార్మాట్‌లో రేఖాంశం ముందుంటుంది. తారుమారైతే హైదరాబాద్ ఫ్లాటు (17.38, 78.48) ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవిలో తేలుతుంది. అక్కడ బేరానికి వచ్చేది ధ్రువపు ఎలుగుబంటే!

ఆ లీఫ్‌లెట్‌ను ఉక్రెయిన్ ఇంజనీరు వొలోదిమిర్ అగాఫోంకిన్ 2011లో అందరికీ ఉచితంగా వదిలాడు. దానికి అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం తోడైతే చిన్న బిల్డరు సైటుకైనా లైసెన్సు రుసుము లేకుండా మ్యాప్ అమరుతుంది. మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు వేయడం మాత్రం తప్పనిసరి.