సాక్షి మౌనము – జంఘాలశాస్త్రి వాక్కు

పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి (1865–1940) సాక్షి వ్యాసములను చర్చించు సందర్భములలో జంఘాలశాస్త్రి మాటలను గ్రంథకర్త అభిప్రాయములుగనే ఉదాహరించుట పరిపాటి యైనది. ఇది యెంతవరకు సమంజసమో విచారించుట మా యుద్దేశము. కల్పితపాత్రము మొదట రచయిత యంతరంగములో నొక కంఠముగా వినబడును. ఆ కంఠమునకు స్వీయస్వభావ మేర్పడిన పిమ్మట దాని ప్రతి పలుకునకును రచయితను బాధ్యునిజేయుట విమర్శధర్మము కాదు.

1913లో ఆరంభమై, తరువాత ఆంధ్రపత్రిక ద్వారా ప్రఖ్యాతి గాంచిన యీ వ్యాసములకు మాతృక, 1711లో అడిసను, స్టీలు లండనునందు ప్రారంభించిన స్పెక్టేటరు పత్రిక. అందలి గోష్ఠి వలెనే యిచ్చటను సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి యను నైదుగురితో నొక సంఘ మేర్పడినది. అయినను భేద మొకటి కలదు. స్పెక్టేటరు నలుగురిలో మితభాషి యైనను, కలము పట్టి నీతిని తానే బోధించును. సాక్షియో, వేదికను శాస్త్రికి విడిచి తాను శ్రోతయై కూర్చుండును.

ఈ మార్పు సామాన్యమైనది కాదు. ఒకే వృక్షముపై నున్న రెండు పక్షులలో నొకటి ఫలము భుజించుచుండగా రెండవది చూచుచు మాత్రమే యుండునని ముండకోపనిషత్తు చెప్పుచున్నది. పానుగంటివారు తమ యావేశమును శాస్త్రికిని, వివేకమును సాక్షికిని పంచి యిచ్చిరి. జంఘాలుడనగా వడిగా నడచువాడు; ఈ శాస్త్రికి కాళ్లకంటె నాలుక వడి యెక్కువ. ‘స్వభాష’యను వ్యాసములో తెలుగు రాదనుటయే గౌరవమనుకొను ఆంగ్లవ్యామోహితులపై నాతడు కురిపించు దూషణము మితి మీరినది. రచయిత స్వనామముతో పలికియుండిన నది కేవల మధిక్షేపమే యగును. శాస్త్రి నోట వచ్చుటచే మనము ఆతని యుద్రేకమునకు నవ్వుదుము. నవ్వుచుండగనే దెబ్బ మనకు తగులును.

అయితే యొక లోపమును చెప్పక తప్పదు. విగ్గుపక్షీయులైన అడిసను, స్టీలులు టోరీపక్షీయుడగు సర్ రోజర్ డి కవర్లీని సృజించిరి. తమకు సమ్మతము గాని మతము గలవానికే పాఠకులు మనసిచ్చునట్లు చేసిరి. సాక్షి సంఘములో నట్టి ప్రతికంఠము లేదు. వాణీదాసు పేరు కవిత్వమును, సెట్టి పేరు వర్తకమును స్ఫురింపజేయునే కాని, శాస్త్రి ప్రవాహమున కడ్డు నిలిచి వాదింపగల వాక్కు వారి కబ్బలేదు. నాటకకర్తగా బహుపాత్రముల భాషణములను నడపిన చేయి, ఇచ్చట నొక్కని కంఠమునకే ప్రాణము పోసినది. అందుచే గోష్ఠి కావలసినది పలుచోట్ల ఉపన్యాసమైనది.

కావున పానుగంటివారి యభిప్రాయమును శాస్త్రి వాక్కులో మాత్రమే వెదకరాదు. సాక్షి మౌనమునందును వెదకవలెను. శాస్త్రి కేకలు వేయుచున్నప్పుడు ప్రక్కనే యొకడు కదలక వినుచున్నాడు. ఆ వినువానిని మరచి వ్రాసిన సాక్షి విమర్శ సగము విమర్శయే యని మా యభిప్రాయము.