గడగడా చదివితే చదువు వచ్చినట్టేనా?

మన గూడెం బడుల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఏం నేర్చుకుంటున్నారని అడిగితే వెంటనే వచ్చే జవాబు: అక్షరాలు, గుణింతాలు, వంద వరకు అంకెలు. తనిఖీకి వచ్చిన అధికారులు చూసేదీ ఇదే. పుస్తకం తెరిచి ఒక పేజీ చదవమంటారు. పిల్ల ఆగకుండా చదివితే సంతోషించి వెళ్తారు. ఆ పేజీలో ఏముందో పిల్లకు తెలిసిందా అని అడిగేవారు తక్కువ. నేను గోండు ఉపాధ్యాయుణ్ణి. ఆదిలాబాద్ వైపు గోండు, కొలాం పిల్లలకు పాఠాలు చెప్తాను. ఆ అడగని ప్రశ్న గురించే ఈ నాలుగు మాటలు.

తెలుగు లిపికి ఒక సుగుణం ఉంది. దాదాపు రాసినట్టే పలుకుతాం. అక్షరం, గుణింతం, ఒత్తు పట్టుబడితే ఏ మాటనైనా పైకి చదవవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు ఇది మేలు చేస్తుంది. పైకి చదవగానే తెలిసిన మాట చెవిన పడుతుంది, అర్థం దానంతట అదే వస్తుంది. ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే పిల్లకు అలా కాదు. పైకి చదివినా చప్పుడే వినపడుతుంది. ఇద్దరూ ఒకేలా గడగడా చదువుతారు కాబట్టి బయటివాళ్లకు తేడా తెలియదు. మూడో తరగతిలో పరిసరాల విజ్ఞానం మొదలైనప్పుడు, లెక్కను అంకెల్లో కాకుండా మాటల్లో అడిగినప్పుడు తేడా బయటపడుతుంది. అప్పుడు 'వీళ్లకు చదువు ఎక్కదు' అనేస్తారు. ఎక్కనిది చదువు కాదు, రెండేళ్లుగా ఎవరూ విప్పి చెప్పని భాష.

మొదటి పాఠం దగ్గరే చూద్దాం. గోడ మీది అక్షరాల పటంలో 'ఇ' కింద ఇల్లు బొమ్మ ఉంటుంది. బొమ్మ చూడగానే పేరు నోటికి రావాలి, ఆ పేరులోని మొదటి చప్పుడు అక్షరానికి గుర్తు కావాలి. బొమ్మ పెట్టేది అందుకే. గోండు పిల్లకు ఆ బొమ్మ చూడగానే 'రోన్' అన్న మాట వస్తుంది. రోన్‌కూ 'ఇ'కూ సంబంధం ఏమిటి? 'అ' కింద అమ్మ. మన పిల్ల ఇంట్లో పిలిచేది 'యాయో' అని. సాయం చేయాల్సిన బొమ్మే అడ్డం తిరుగుతోంది. పిల్ల చివరికి బొమ్మను వదిలేసి, టీచరు అన్నట్టు అనడం నేర్చుకుంటుంది. బడిలో తనకు తెలిసినది పనికిరాదన్న పాఠం కూడా అప్పుడే నేర్చుకుంటుంది. ఆ పాఠం పరీక్షలో రాదు గానీ చాలాకాలం గుర్తుంటుంది.

ఇదే పటాన్ని మరోలా చేయవచ్చు. గోండిలో కాలును కాల్ అంటాం, కన్నును కన్ అంటాం, పాలను పాల్ అంటాం. ఈ మాటలతో మొదలుపెడితే బొమ్మ, చప్పుడు, అక్షరం మూడూ కలుస్తాయి. పిల్ల మొదటి వారంలోనే అర్థంతో చదువుతుంది. 'ఏర్' అంటే మనకు నీళ్లు, తెలుగులో 'ఏరు' పారే ప్రవాహం. రెండు భాషలూ తెలిసిన టీచరు ఈ ఒక్క మాట మీద ఒక గంట పాఠం చెప్పగలరు. తెలియని టీచరుకు అక్కడ పాఠం ఉందనే తెలియదు.

లెక్కల్లోనూ ఇదే. సాయంత్రం మేకలన్నీ తిరిగొచ్చాయో లేదో చూసుకునే పిల్లకు, ఏరిన ఇప్పపువ్వును కుప్పలుగా పంచే పిల్లకు కూడిక, తీసివేత కొత్త కాదు. ఉండి, రండ్, మూండ్ అంటూ లెక్క మొదలుపెట్టనిచ్చి, తరువాత ఒకటి, రెండు, మూడు నేర్పితే లెక్క ఎక్కడా తెగదు.

ఇవి కొత్త ఆలోచనలు కావు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి వంటి ఎనిమిది భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. రెండుసార్లూ పుస్తకాలు వచ్చాయి. వాటిని ఏటేటా నడిపించే ఏర్పాటే నిలవలేదు. 2022లో తెలంగాణ బడుల్లో ఇంగ్లీషు మీడియంతో పాటు ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మన పిల్ల ఇంటి భాష ఆ రెండు పేజీల్లోనూ లేదు.

రాజ్యాంగం 350ఎ అధికరణం, 2009 విద్యాహక్కు చట్టం మాతృభాషలో బోధన గురించి చెప్పాయి. కాగితం మీది మాట తరగతి గదిలోకి రావాలంటే ఆ భాష తెలిసిన మనిషి కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని ఉద్యోగాల గొడవగానే మాట్లాడుకున్నాం. ఒకటో తరగతి పిల్ల వైపు నుంచి మాట్లాడుకున్నది తక్కువ. మనలోనూ లోపం ఉంది. గోండు టీచరు బడి గడప దాటగానే గోండి మానేస్తే, జీవో ఉన్నా లేకున్నా ఆ పిల్లకు ఒకటే.

'ఇంట్లో మాట్లాడేదే బడిలో ఎందుకు? తెలుగు, ఇంగ్లీషు రావాలి కదా' అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ రెండూ రావాలి. బాగా రావాలనే ఈ గోల. ముందు చెవికి, తరువాత నోటికి, ఆ తరువాతే కంటికి వస్తే ఏ భాషైనా నిలుస్తుంది. మనం మొదట కంటికి పెట్టి, చెవికి ఎందుకు ఎక్కలేదని అడుగుతున్నాం.

టీచర్లు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. పాఠంలోని కథను చదివించే ముందు పిల్లల భాషలో చెప్పండి. మీకు ఆ భాష రాకపోతే పెద్ద తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. చదువుకున్న యువత తమ ఊరి మాటలతో, ఊరి బొమ్మలతో ఒక అక్షరాల పటం గీసి బడికి ఇవ్వండి. ఒక చార్టు, నాలుగు రంగులు చాలు. ఈసారి బడికి వెళ్లినప్పుడు, పిల్ల గడగడా చదివాక 'శభాష్' అని వచ్చేయకండి. పుస్తకం మూసి, ఇప్పుడు చదివింది నీ భాషలో చెప్పమనండి. ఏం నేర్చుకుందో అప్పుడు తెలుస్తుంది.