నడిసముద్రంలో ఒక పగలు

నాతవరంలో నీళ్ల మాట వస్తే ముందు తాండవ జలాశయమే గుర్తొస్తుంది. గట్టు మీద నిలబడ్డ రైతుకు అలల అందం పట్టదు. 380 అడుగుల పూర్తి మట్టానికి నీరు ఎంత తక్కువుంది, కాలువలు ఎప్పుడు వదులుతారు అన్నదే ఆలోచన. ఇక్కడివాళ్లకు నీరంటే పని. అలాంటి ఊళ్లనుంచి విశాఖ వెళ్లి, ఏ పనీ పెట్టుకోకుండా ఒక పగలంతా నీళ్ల మీద గడపడమంటే కొత్త అలవాటే. నేర్చుకోదగ్గ అలవాటు కూడా.

దానికి దారి 2022 జూన్ 8న పడింది. ఆ రోజు కార్డీలియా సంస్థ ఓడ ఎంప్రెస్ విశాఖ వచ్చి, రాత్రికి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి బయల్దేరింది. 1990లో ఫ్రాన్స్‌లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో, మూడు నాలుగు రోజుల చిన్న విహారాల కోసమే కట్టిన పదకొండు అంతస్తుల నౌక ఇది. పట్టిక ప్రకారం పుదుచ్చేరి చేరాల్సింది 10వ తేదీ ఉదయం. అంటే మధ్యలో 9వ తేదీ మొత్తం సముద్రమే.

ఆ ఒక్క పగటినీ చాలామంది పరుగులతో ఖర్చు చేసేస్తారు. టిఫిన్ల దగ్గర వరస, ఈతకొలను, పిల్లల ఆటలు, రాత్రికి షో. టికెట్టు డబ్బులు రాబట్టుకోవాలన్న తొందర! అవన్నీ విశాఖలోనూ దొరుకుతాయి. దొరకనిది పై డెక్ మీద, రెయిలింగ్ పక్కన కుర్చీలో ఉంటుంది.

బీచ్‌లో నిలబడ్డ మనిషికి సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దూరం వరకే కనిపిస్తుంది. నీటికి ముప్ఫై మీటర్ల ఎత్తున్న డెక్ నుంచి ఆ దూరం దాదాపు ఇరవై కిలోమీటర్లు. చుట్టూ ఎటు తిరిగినా అంతే. ఇక సాయంత్రం వస్తుంది చూడండి, అదీ అసలు సంగతి. తూర్పు తీరంలో పుట్టినవాళ్లు సూర్యుడు సముద్రంలోంచి లేవడమే చూస్తూ పెరుగుతారు. పొద్దు కుంకేది ఎప్పుడూ కొండల వెనకే. ఒడ్డు కనుమరుగైన ఓడ మీద మాత్రం ఆ సూర్యుడే నీళ్లలోకి దిగుతాడు. అది చూడని తెలుగువాడికి బంగాళాఖాతం సగమే తెలిసినట్టు.

కడుపులో తిప్పుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. చెవి లోపలి భాగం ఊపును పసిగడుతుంటే, గదిలో ఉన్న కళ్లు అంతా కదలకుండా ఉందంటాయి. ఆ పేచీయే వికారం. బయటికొచ్చి దిక్చక్రం వైపు చూస్తూ కూర్చుంటే కుదుటపడే అవకాశం ఎక్కువ. కింది అంతస్తులో, ఓడ నడిమిభాగంలో గది తీసుకుంటే ఊపు తగ్గుతుంది.

ఇదే సముద్రం మీద మన ముందుతరాలు వేరే ప్రయాణం చేశాయి. విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడల నుంచి వేలమంది స్టీమర్లెక్కి బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లారు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి. డెక్ టికెట్టే వాళ్ల తాహతు, ఆరుబయటే పడక. 1941 డిసెంబరులో రంగం మీద బాంబులు పడ్డాక ఆ దారి తెగింది. డెక్ మీద కుర్చీ వేసుకున్నవాళ్లు ఈ సంగతి ఒక్కసారైనా తలుచుకోవాలి.

దక్షిణంగా సాగే ఓడకు తొలిరాత్రే కుడివైపున, కంటికి ఆనని దూరంలో, పెంటకోట దాటిపోతుంది. నాతవరం మీదుగా వచ్చిన తాండవ నది సముద్రంలో కలిసేది అక్కడే.

2023 సెప్టెంబరులో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ది వరల్డ్ అనే నివాస నౌక అక్కడికొచ్చింది. ఖరీదైన విదేశీ నౌకలు రావడం మంచిదే. దాంతోపాటు పొద్దున వెళ్లి, పొద్దు కుంకాక తిరిగొచ్చే ఓడ ఒకటి కావాలి. సముద్రం కాస్త నెమ్మదించే జనవరిలో, సంక్రాంతి సెలవులకు, తాండవ ఆయకట్టు రైతు తన పిల్లల్ని ఎక్కించగలిగే ధరలో.