టైటాన్ ఖరీదు

కెమెరాకు లక్షన్నరా? ఈ వారమంతా వరంగల్ కొత్తవాడలో నాకు ఎదురైన ప్రశ్న ఇదొక్కటే. మొదలుపెట్టింది మా మేనల్లుడు. "మామా, ఆ పైసలకు మంచి ఫోనొస్తది, ఇంకిన్ని మిగుల్తయి గూడ. దీనికి వెనక స్క్రీన్ గూడ లేదాయె" అన్నాడు. వాడి మాట గడప దాటి పోచమ్మ మైదాన్ దాకా పోయింది. చాయ్ దగ్గర కలిసినవాళ్లూ అదే అడిగారు. నాకు కోపమొచ్చిన మాట నిజం. జంపఖానాలు నేసే ఇల్లు మాది; మడత విప్పించి, రెండువైపులా తిప్పి చూసి, చెప్పిన ధరకు సగం అడిగేవాళ్ల గొంతు మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఈ ప్రశ్నలోనూ ఆ గొంతే వినిపించింది. అందుకే విడివిడిగా జవాబు చెప్పకుండా ఇక్కడ రాస్తున్నాను.

నేను కొన్నది నికాన్ ఎఫ్2 టైటాన్. ఎఫ్2 కెమెరాలు 1971 నుంచి 1980 వరకు తయారయ్యాయి. ప్రపంచమంతటా పత్రికా ఫొటోగ్రాఫర్ల మెడలో వేలాడిన కెమెరా అది. అందులో టైటాన్ కథ వేరు. 1978లో నవోమి ఉయెమురా అనే జపాన్ సాహసి కుక్కల బండి మీద ఒంటరిగా ఉత్తర ధ్రువానికి బయలుదేరాడు. ఆ చలిని, ఆ కుదుపులను తట్టుకునేలా నికాన్ ఆయన కోసం ఎఫ్2కు టైటానియం తొడుగు వేసి ఇచ్చింది. ఆ తర్వాత అలాంటివే కొద్ది సంఖ్యలో అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు దొరకడం కష్టం. జపాన్‌లో ఒక పాత కెమెరాల వ్యాపారి దగ్గర ఉందని తెలిశాక నేను మళ్లీ ఆలోచించలేదు. కెమెరా, లెన్స్, దిగుమతి సుంకం అన్నీ కలిసి లక్షన్నర దాటింది.

దీనికి బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటర్ లేదు. సెకను నుంచి సెకనులో రెండు వేలవ వంతు దాకా ప్రతి వేగాన్నీ స్ప్రింగులు, పళ్ల చక్రాలే నడిపిస్తాయి. ఇంకా ఎక్కువసేపు కావాలంటే సెల్ఫ్ టైమర్ మీటను తిప్పి రెండు సెకన్ల నుంచి పది సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. అదీ గడియారం లాంటి యంత్రంతోనే. తక్కువ వేగంలో మీట నొక్కితే లోపల చక్రాలు జుర్రుమని తిరిగి ఆగే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు కోసమైనా కొనొచ్చంటాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టు తెలుసు. కరెంటు అడగని యంత్రం మనిషికి నిజమైన తోడు అని ఎన్నిసార్లు రాశానో. కాళ్లతో తొక్కే కుట్టుమిషన్ మీద రాశాను, తాళం తిప్పే గోడ గడియారం మీద రాశాను, మా బాపు గుంట మగ్గం మీదనైతే ఎన్ని వారాలు రాశానో మీకే తెలియాలి. రాత్రి కరెంటు పోతే పవర్‌లూమ్‌ల మోత ఒక్కసారిగా ఆగిపోయేది. మా ఇంట్లో కందిలి వెలుగులో పంజా దెబ్బ పడుతూనే ఉండేది. అర్జంటు ఆర్డర్ ఉంటే బాపుకు రాత్రీ పగలూ తేడా ఉండేది కాదు. చేతి యంత్రానికి చావు లేదన్న నమ్మకం నాలో ఆ రాత్రుల్లోనే పడింది. టైటాన్ కొన్నదీ ఆ నమ్మకంతోనే.

ఫొటో పని నేను నేర్చుకున్నది మాత్రం మగ్గం గుంటలో కాదు, చౌరస్తా దగ్గరి ఒక స్టూడియో చీకటి గదిలో. డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. స్టూడియో యజమానిని అందరం మాస్టర్ అనేవాళ్లం. ఆయన దగ్గర రెండు కళ్ల యాషికా ఉండేది, పైనుంచి తల వంచి చూసేది. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. పెండ్లికూతురు ఇటు నడుస్తుంటే అద్దంలో అటు పోతుంది. మొదట్లో నాకు తల తిరిగేది. 120 రోలుకు పన్నెండే ఫొటోలు. పెండ్లికి రెండు రోళ్లు తెస్తే అది పెద్దింటి పెండ్లి అని అర్థం. జీలకర్ర బెల్లానికి ఒకటి, పుస్తె కట్టేటప్పుడు రెండు, తలంబ్రాలకు రెండు, అప్పగింతలకు రెండు దాచాలి. మధ్యలో పెండ్లికొడుకు మేనమామ వచ్చి తన కుటుంబాన్నంతా నిలబెట్టి ఫొటో తీయమంటే ఏం చేయాలి? మాస్టర్ కాదనేవాడు కాదు. ఫ్లాష్ వెలిగించేవాడు, షట్టర్ మాత్రం నొక్కేవాడు కాదు. తర్వాత ఆల్బమ్‌లో ఆ ఫొటో లేదేమని ఎవరూ అడగగా నేను వినలేదు.

మీటర్ ఆయన దగ్గరా ఉండేది కాదు. చేయి చాచి, అరచేతి కింద పడే నీడ అంచు ఎంత పదునుగా ఉందో చూసేవాడు. అంచు కత్తిలా ఉంటే ఎపర్చర్ పదహారు, షట్టర్ ఫిల్మ్ వేగానికి దగ్గర. అంచు మెత్తబడితే పదకొండు. నీడే లేకపోతే ఎనిమిది. ఆ లెక్క ఇప్పటికీ తప్పదు. టైటాన్‌లో 400 వేగం ఫిల్మ్ వేసి, ఎండలో సెకనులో ఐదు వందలవ వంతు, ఎపర్చర్ పదహారు పెట్టి తీసిన నెగెటివ్‌లు చూసుకుంటే మాస్టర్ పక్కనే నిలబడి చెప్పినట్టే వచ్చాయి.

చీకటి గది అంటే అందరికీ ఎర్రదీపమే గుర్తొస్తుంది. ఆ దీపం ప్రింటు కాగితానికే. ఫిల్మ్‌కు అదీ పనికిరాదు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో వేళ్లతో తడుముకుంటూ రీలుకు చుట్టాలి. ఒక చుట్టు మరో చుట్టుకు అంటుకుందంటే అక్కడి ఫొటో పోయినట్టే. తర్వాత డెవలపర్. మాది ఎప్పుడూ డి-76. 1927 నుంచి ఉన్న ఆ మిశ్రమాన్ని ఇరవై డిగ్రీల నీళ్లలో వాడాలని డబ్బా మీద రాసి ఉండేది. మే నెలలో ఓరుగల్లులో ఇరవై డిగ్రీల నీళ్లు ఎక్కడివి? నల్లా తిప్పితే చేయి కాలేది. నీళ్లు వేడైతే ఫిల్మ్ మీది పూత ఉబ్బి మెత్తబడుతుంది, ఒక్కోసారి లేచి వస్తుంది. అందుకే ముందు రాత్రే రంజన్లలో నీళ్లు పట్టి పెట్టేవాళ్లం. అదీ చాలకపోతే ఐసు ముక్క తెచ్చి ట్రే కింద మరో ట్రేలో పెట్టేవాళ్లం. ఐసు తేవడమే స్టూడియోలో నా మొదటి ఉద్యోగం. గోనె సంచిలో చుట్టి సైకిల్ వెనక కట్టుకుని వస్తుంటే సగం దారిలోనే కారిపోయేది.

అప్పట్లో ఊటీ ఫ్యాక్టరీ నుంచి ఇందు పేరుతో మన దేశపు నలుపు తెలుపు ఫిల్మ్ వచ్చేది. ప్రభుత్వ సంస్థ హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసేది. ఆ సంస్థ ఇప్పుడు లేదు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముఖం మచ్చలు దిద్దే రిటచింగ్ మనుషులు ఉండేవారు. కిటికీ దగ్గర కూచుని, కంటికి భూతద్దం పెట్టుకుని, రోజుకు ఎన్ని ముఖాలు దిద్దేవారో. వాళ్లూ ఇప్పుడు లేరు. మాస్టర్ ఎప్పుడూ ఒక మాట చెప్పేవాడు: మంచి ఫొటోకు కెమెరా సగం, చీకటి గది సగం. నేను అప్పుడు నమ్మలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో కెమెరాయే అన్నీ అనిపించేది.

ఈ ఊరికి ఫొటో కొత్త కాదని కూడా చెప్పాలి. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పంతొమ్మిదో శతాబ్దంలోనే బరువైన కెమెరాను, గాజు పలకలను హనుమకొండ దాకా మోయించుకొచ్చి వేయిస్తంభాల గుడిని తీశాడు. తర్వాత మా వరంగల్ మనిషి భరత్ భూషణ్ బతుకమ్మలను, పల్లె ఇండ్లను, తెలంగాణ ఆడవాళ్ల ముఖాలను జీవితమంతా ఫొటోలుగా పట్టాడు. 2022లో ఆయన పోయాక ఆ ఫొటోలను మళ్లీ చూస్తుంటే, ఏ కెమెరాతో తీశాడన్న ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు.

మళ్లీ టైటాన్ దగ్గరికి వస్తాను. కెమెరా వచ్చాక మొదటి రోలులోనే తేడా తెలిసింది. సెకను పెడితే రెండు సెకన్ల దాకా పోతోంది. నలభై ఏళ్ల కింద వేసిన నూనె లోపల బంకలా ముద్దకట్టింది. వెనక తలుపు అంచున వెలుతురు లోపలికి రాకుండా పెట్టిన స్పాంజి జిగటగా కరిగిపోయింది. ఆ కాలపు కెమెరాలన్నింటికీ వచ్చే జబ్బే ఇది. అందుకే ఈ వారం హైదరాబాద్ వెళ్లి, కోఠి గుజరాతీ గల్లీ చుట్టూ అడుగుతూ అడుగుతూ ఒక పెద్దాయన దగ్గరికి చేరాను. మెట్లెక్కి వెళ్తే ఒకటే గది, ఒక బల్ల, ఒక దీపం.

ఆయన కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో వేగాన్నీ విన్నాడు. అడుగు పలక విప్పాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సార్, మీరు పైసలు పెట్టింది ఈ తొడుక్కు. లోపలంతా మామూలు ఎఫ్2నే. తొడుక్కు సొట్ట పడ్డదనుకోండి, నా దగ్గర మందు లేదు. లోపల ఏది పోయినా మాత్రం చూసుకుంటా." బల్ల కింది నుంచి ఒక రేకు డబ్బా తీసి చూపించాడు. నిండా చచ్చిపోయిన మామూలు ఎఫ్2లు. స్ప్రింగులు, మరలు, చక్రాలు వాటిలోంచే తీస్తాడు. నా అపురూపమైన టైటాన్ బతికేది ఆ పేరు లేని కెమెరాల మీద.

పని నేర్చుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఒకప్పుడు ఇద్దరు పిల్లలు ఉండేవారట, వాళ్లిప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. దాంట్లో రోజూ గిరాకీ ఉంటుంది, వాళ్లను ఏమనగలం?

బస్సులో తిరిగి వస్తూ నా పాత పట్టును మళ్లీ తిప్పి చూసుకున్నాను. కరెంటు అక్కర్లేదు కాబట్టి చేతి యంత్రానికి చావు లేదని రాస్తూ వచ్చాను. కరెంటు అక్కర్లేకపోవడం ఒక్కటే చాలదు. జపాన్‌లో పెంటాక్స్ వాళ్లు మళ్లీ చేత్తో తిప్పే ఫిల్మ్ కెమెరా చేయాలనుకున్నప్పుడు, ఫిల్మ్‌ను ముందుకు నడిపే మీట ఎలా కట్టాలో కంపెనీలో ఉన్న కుర్ర ఇంజనీర్లకు తెలియదు. రిటైరైన పాతవాళ్లను అడిగి నేర్చుకుంటే గానీ 2024లో పెంటాక్స్ 17 బయటికి రాలేదు. పాత నక్షాలు ఉన్నా, వాటిని చదివి చెప్పే మనుషులు దొరికాకే పని సాగింది. ఇంకో పదేళ్లు ఆలస్యమై ఉంటే అడగడానికి ఎవరున్నారు?

కొత్తవాడ సంగతీ ఇదే. మా మగ్గాల కర్ర ఇంకో వందేళ్లు ఉంటుంది. 2018లో మా జంపఖానాలకు వరంగల్ దర్రీల పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, సంతోషమే. కానీ మగ్గం ఒక్కటే నేయదు. నూలుకు రంగు అద్దేవాళ్లు కావాలి. ఆసు పోసేవాళ్లు కావాలి. పడుగు అయిపోతే కొత్త పడుగును పాత పోగులకు ఒక్కొక్కటీ అతికే ఆడవాళ్లు కావాలి. పన్నె విరిగితే, పలక వంకర పోతే సరిచేసే వడ్రంగి వీధి చివర ఉండాలి. మా బాపు మగ్గం ఆగింది కరెంటు లేక కాదు, కర్ర పుచ్చీ కాదు. అతికే అవ్వ పోయాక, ఆ పనికి పిలిస్తే వచ్చేవాళ్లు దొరకలేదు. నా కండ్ల ముందే జరిగినదాన్ని కరెంటుతో ముడిపెట్టి ఎన్నేళ్లు రాశానో.

అందుకని ఈ వారం మా మేనల్లుడి ప్రశ్నకు నా జవాబు మారింది. లక్షన్నర ఎక్కువ కాదు, ఆ మాట మీద నిలబడతాను. ఎవరి చేతికి పోయిందన్నదే నన్ను తొలుస్తోంది. సముద్రం అవతలి వ్యాపారికి అరుదైన తొడుగు ధర మొత్తం ముట్టింది. ఆ కెమెరాకు ప్రాణం పోసిన గుజరాతీ గల్లీ పెద్దాయన నాలుగు వేలు అడిగాడు, అదీ మొహమాటపడుతూ. జంపఖానా దగ్గర బేరమాడే గొంతు గురించి మొదట్లో చెప్పాను. పాతబడి అరుదైన వస్తువు దగ్గర ఆ గొంతు పెగలదు. ఇవాళ కూచుని పని చేస్తున్న మనిషి దగ్గరే లేస్తుంది. ఈ లెక్క తలకిందులుగా ఉంది.

ఫిల్మ్ మొదలుపెడదామని నన్ను అడిగే పిల్లలకు ఇకమీద టైటాన్ పేరు చెప్పను. పెంటాక్స్ కె1000 కొనుక్కోమంటాను. 1976 నుంచి 1997 దాకా ముప్పై లక్షలకు పైగా తయారయ్యాయి. ఎక్కడైనా దొరుకుతాయి, ఒకటి చస్తే దాని భాగాలతో ఇంకోటి బతుకుతుంది. మిగిలిన డబ్బులో కొంత ఫిల్మ్‌కు, కొంత ఏడాదికోసారి శుభ్రం చేసి నూనె మార్చే చేతులకు. ఎంత అడిగితే అంత, బేరం లేకుండా.

ఇంకో మాట. ఓరుగల్లులో ఎన్ని ఇండ్లలో అటకల మీద పాత కెమెరాలు ఉన్నాయో నాకు కొంత అంచనా ఉంది. షట్టర్ పట్టేసిన యాషికాలు, అద్దానికి బూజు పట్టిన నికాన్లు, మూత ఊడిన జెనిత్‌లు. వాటిని షోకేసులో పెట్టకండి, పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. నా దగ్గరికి పంపండి. వచ్చే నెల మళ్లీ కోఠి పోతున్నాను, సంచిలో వేసుకుని ఆయన రేకు డబ్బాకు చేరుస్తాను. మీ ఇంట్లోగానీ, మీ వీధిలోగానీ చిన్న మరలు విప్పడం ఇష్టపడే పిల్లలెవరైనా ఉంటే వాళ్లనూ పంపండి. బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం నావి.