హెడ్ హంటర్స్: జనరంజకత్వమా, దోషమా?

పదిమంది మెచ్చిన కళ యేదో యొక మెట్టు దిగినదే యనుకొనుట విద్వాంసులకు పాత యలవాటు. 1973వ సంవత్సరము అక్టోబరులో అమెరికాలోని కొలంబియా కంపెనీవారు వెలువరించిన "హెడ్ హంటర్స్" అను సంగీత సంపుటముపై ఈ నిందయే పడినది. హెర్బీ హాన్‌కాక్ అను పియానో విద్వాంసుడు సొమ్మునకాశపడి జాజ్ సంగీతమును విడనాడి, నాట్యశాలల ఫంక్ బాణీకి లొంగిపోయెనని విమర్శకులనేకులు ఆడిపోసికొనిరి. సంపుటము మాత్రము అమెరికా దేశపు అమ్మకముల పట్టికలో 13వ స్థానమువఱకు నెగబ్రాకెను. మాటలతో గూడిన సాహిత్యము లేని నాలుగు పాటలకు ఇంతటి యాదరణము దొరకుట ఆ దినములలో సామాన్యము కాదు.

నింద యెంతవఱకు నిజమో విచారింతము. హాన్‌కాక్ 1940లో చికాగోలో జన్మించినవాడు. పదునొకండేండ్ల ప్రాయమున, 1952లో, చికాగో సింఫనీ వాద్యబృందముతో గూడి మొజార్టు కృతిని వాయించినవాడు. 1963 మొదలు ఐదేండ్లు మైల్స్ డేవిస్ కొలువులో నుండి పేరు గడించెను. పిమ్మట తానై నడపిన మ్వాండిషి బృందము మిక్కిలి గహనమైన సంగీతమును వాయించెడిది. వినువారు తక్కువ, వ్యయము ఎక్కువ. తన పాత పాటలపై వచ్చు రాయల్టీ సొమ్మును సయితము దానికే ధారపోసి, తుదకు సాగింపలేక విరమించెను. అతడు ధనమును గూర్చి ఆలోచింపలేదని నేననను. వాద్యగాండ్రకు జీతము లియ్యవలసిన మనుష్యుడు ఆలోచింపకున్న నదియే తప్పు. కాని తనకు ఆకాశమున విహరించుట చాలినదనియు, నేలపై కాలు మోపు సంగీతము కావలసి వచ్చినదనియు ఆయన చెప్పుకొన్న మాటను త్రోసివేయుటకు నాకు కారణము కనబడదు. పాత బృందమునుండి ఊదు వాద్యముల బెన్నీ మాపిన్ నొక్కనినే నిలుపుకొని, తక్కినవారిని క్రొత్తగా జేర్చుకొనెను: బాస్ గిటారునకు పాల్ జాక్సన్, డ్రమ్ములకు హార్వీ మేసన్, తక్కిన తాళవాద్యములకు బిల్ సమ్మర్స్.

మొదటి పాట "కమీలియన్" పదునైదు నిమిషములకు పైబడినది. అందలి మంద్రస్వరపు పల్లవిని హాన్‌కాక్ సింథసైజర్ అను విద్యుత్ వాద్యముపై తానే వాయించెను. చిన్న పలుకు, అదే మరల, అదే మరల. దానిపై ఒక్కొక్క వాద్యము వచ్చి కూర్చుండును. గిటారు లేదు, ఆ పనిని క్లావినెట్ అను మీటల వాద్యముచే చేయించినారు. ఇది పాటయా, పిండిమరయా యని మొదట నడిగిన మా యింటి పెద్దవారొకరు మూడవ నిమిషమునకే తొడపై తాళము వేయుచుండిరి. నడుమకు వచ్చుసరికి ఆ పల్లవి తొలగిపోయి, నడక మాఱి, విద్యుత్ పియానోపై దీర్ఘమైన కల్పన యొకటి సాగును. జాజ్‌ను విడిచినవాడు వాయింపగలిగినది కాదది. నిందించినవారు మొదటి అయిదు నిమిషములు విని లేచిపోయిరేమో యని నా యనుమానము.

"స్లై" అను పాట ఫంక్ గాయకుడు స్లై స్టోన్‌కు గౌరవసూచకముగా పేరిడబడినది. వేగము గలదు గాని, ఆ వేగమునకు తగిన యవసరము నాకు గోచరింపలేదు. కడపటి "వెయిన్ మెల్టర్" మందగమనము. మాపిన్ బాస్ క్లారినెట్ నాదముకొఱకైనను వినదగినది.

ఇక "వాటర్‌మెలన్ మాన్". వీధులలో బండిపై పుచ్చకాయలమ్మువాని జ్ఞాపకముతో హాన్‌కాక్ 1962లో తన మొదటి సంపుటమునకు రచించిన పాట యిది. పదునొకం డేండ్లకు దానిని గుర్తుపట్టరానంతగా మార్చివేసిరి. ఆరంభమున బిల్ సమ్మర్స్ ఖాళీ బీరు సీసాలో ఊదుచు, ఊపిరికి ఊపిరికి నడుమ గొంతెత్తి పలుకును. చెవికింపైన యీ యుపాయము ఆయన కల్పన కాదు. మధ్య ఆఫ్రికా యడవులలోని బా-బెంజెలే జనులు ఒకే స్వరము పలుకు చిన్న పిల్లనగ్రోవితో చేయు హిందెహూ అను గానమునకు అనుకరణము. సిమ్హా ఆరోమ్ అను పరిశోధకుని కృషివలన 1966లో వెలువడిన రికార్డుద్వారా అది లోకమునకు వినబడెను.

విమర్శకులు అడుగవలసిన ప్రశ్న యిచ్చట నుండగా వేఱొకచోట వెదకిరి. స్టీవెన్ ఫెల్డ్ అను మానవశాస్త్రజ్ఞుడు పిదప దీనిని గూర్చి ప్రశ్నింపగా, ఇది సోదరుల నడుమ విషయమని హాన్‌కాక్ సమాధానమిచ్చెనట. బానిసత్వములో మాతృభూమిని గోల్పోయిన జాతివాడు ఆఫ్రికాను తనదనుకొనుట సహజమే. ఆ మాటలోని బాధను నేను కాదనలేను. అయినను సోదరుల నడుమ పంపకము కూడ నుండును గదా! 1994లో మడోన్నా అను గాయని యీ పాటలోని ముక్కను తన "శాంక్చువరీ" అను పాటలో చేర్చుకొనగా, రచయితల పట్టికలో హాన్‌కాక్ పేరు చేరినది. అడవివారి పేరు చేరలేదు.

2007వ సంవత్సరమున ఈ సంపుటమును అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు భద్రపఱుపదగిన ధ్వనిముద్రణల జాబితాలో చేర్చిరి. ఆ గౌరవమునకు తగినదే. ఇంట నున్నవారందఱు కలిసి వినుటకు "కమీలియన్"తో నారంభింపవచ్చును. పిల్లలకు పుచ్చకాయలవాని పాటయే మొదట నచ్చును. దాని తుదిని సీసా మరల వినబడును. అప్పుడు అడవిలోని ఆ పిల్లనగ్రోవి మాట కూడ వారికి చెప్పుడు.